చదరంగపు సేన - కదనరంగపు సేన

యుద్ధము చేయుట మానవునకు ఎంత పాత అలవాటో, యుద్ధమును ఆటగా ఆడుకొనుటయు నంత పాత అలవాటే. మన పూర్వులు రథ గజ తురగ పదాతులను నాలుగంగములను గళ్ళలో నిలిపి, ఆ యాటకు చతురంగమని పేరిడిరి. అది పారసీక దేశమునకు పోయి, అచ్చటినుండి అరబ్బుల ద్వారమున ఐరోపా ఖండమునకు చేరి, లోకమెల్ల నిండినది. చదరంగపు బల్ల కొనలేని వారు గుడి అరుగుమీద గీతలు గీసి పులిమేకల యాట ఆడిరి. కొన్ని పులులు, ఒక మేకల మంద. బలము ఒక ప్రక్క, సంఖ్య ఒక ప్రక్క. అదియు యుద్ధమే.

నేడు ఆ కోరికయే కంప్యూటరు తెరమీదికి ఎక్కినది. ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ అను ఆట 1997లో వెలువడెను. 1999లో వచ్చిన దాని రెండవ భాగము మధ్యయుగపు రాజ్యములను, కోటలను, సేనలను చూపెను. 2002లో ‘మెడీవల్: టోటల్ వార్’ అను మరియొక ఆట వేలకొలది సైనికులను ఒక్క తెరమీద మోహరించి చూపెను. 2022లో ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ రెండవ భాగమునకు చేర్చిన ‘డైనాస్టీస్ ఆఫ్ ఇండియా’ అను భాగములో ద్రావిడులు, వంగీయులు, ఘూర్జరులు ఆటగాని పక్షములుగా నిలిచిరి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలోనే కాక, వాని చుట్టుపట్ల పల్లెలలోను ఇట్టి యాటలు ఆడు యువకులు కలరు. పెద్దలు దానిని చూచి కాలహరణమని కసరుదురు. పిల్లలు ఇది చరిత్ర అని బదులు చెప్పుదురు.

ఇరువురి మాటలోను కొంత నిజము కలదు. ఆ నిజమెంతయో తేల్చవలెనన్న, ఆటను అసలు యుద్ధముతో సరిపోల్చి చూడవలెను. అందుకు దూరదేశపు చరిత్రలు వెదుకనక్కరలేదు. మన కాలిక్రింది నేలయే సాక్షి.

ఈ నేల చూచిన యుద్ధములు

జగిత్యాలకు చేరువనున్న పొలాస, ఒకప్పుడు పొలవాస దేశమునకు రాజధాని. అచ్చటి ప్రభువులలో మేదరాజు, జగ్గదేవుడు ప్రసిద్ధులు. జగ్గదేవుడు అనుమకొండను ముట్టడించెననియు, కాకతీయ రెండవ ప్రోలరాజు అతనిని మరలగొట్టెననియు, ప్రోలరాజు కుమారుడైన రుద్రదేవుడు దొమ్మరాజును, మైళిగిదేవుని, మేదరాజును జయించెననియు అనుమకొండ వేయిస్తంభముల గుడిలోని 1163వ సంవత్సరపు శాసనము చెప్పుచున్నది. ఆ దొమ్మరాజు నెలవు కరీంనగరము చెంతనున్న నగునూరని చరిత్రకారులు నిర్ణయించిరి. కాకతీయ సామ్రాజ్యమునకు పునాది రాళ్ళు పడినది ఈ ప్రాంతపు పొలములలోనే యని చెప్పవచ్చును.

అంతకు రెండు వందల యేండ్లు ముందు, నేడు రాజన్న సిరిసిల్ల జిల్లాలోనున్న వేములవాడలో చాళుక్యులు రాజ్యము చేసిరి. రెండవ అరికేసరి ఆస్థానమున పంప మహాకవి 941లో ‘విక్రమార్జున విజయము’ను కన్నడమున రచించి, తన ప్రభువును అర్జునునితో పోల్చెను. 1303 ప్రాంతమున ఢిల్లీ సేన వంగదేశపు దారిని తెలుగునేలకు వచ్చినపుడు దానిని ఉప్పరపల్లికడ తెలుగు నాయకులు ఓడించిరని వెలుగోటివారి వంశావళి చెప్పుచున్నది. ఆ యుప్పరపల్లి కరీంనగరపు సీమలోనిదే. ఇక జగిత్యాల కోట పదునెనిమిదవ శతాబ్దమున, 1747లో, ఇబ్రహీంఖాన్ ధంసా కాలమున, ఫ్రెంచి పనివారి నేర్పుతో నక్షత్రాకారముగా నిర్మింపబడినది. కోణములు కోణములుగా గోడ తిరుగుటకు కారణము ఫిరంగి. ఏ కోణమునుండి చూచినను ప్రక్క గోడ క్రిందికి వచ్చిన శత్రువు కనబడవలెను, గుండు తగులవలెను. బాణముల కాలపు కోట గుండ్రన, ఫిరంగుల కాలపు కోట ముళ్ళముళ్ళగా నుండుట ఇందువలననే. ఆయుధము మారిన గోడయు మారును. ఈ సూక్ష్మమును ఆటలు చక్కగానే పట్టుకొన్నవి.

ఆటలో ఒప్పైనవి

మంచిని ముందు చెప్పుట న్యాయము. ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’లో ఆటగాడు మొదట కత్తి పట్టడు. పొలము దున్నించును, కట్టె కొట్టించును, రాయి తవ్వించును, బంగారము తీయించును. సేద్యము లేనిదే సేన లేదను పాఠమును ఆ యాట ప్రతి బాలునకు నేర్పును. ఈటె పట్టిన పదాతి గుఱ్ఱపు రౌతును నిలువరించుననియు, మిట్టమీద నిలిచినవానికి పల్లమున నిలిచినవానికంటె మేలు కలుగుననియు అందు కలదు. ఇవి యుద్ధశాస్త్రమునకు విరుద్ధములు కావు. కోట తలుపులు విరుగగొట్టుటకు ఐరోపా పక్షముల దూలపు యంత్రమునకు మారుగా భారతీయ పక్షములకు కవచము తొడిగిన ఏనుగును ఇచ్చుటయు మన దేశపు అలవాటునకు తగియున్నది. మన పాతకోటల తలుపులకు ఇనుప ములుకులు కొట్టినది ఏనుగు నుదురు తాకకుండుటకే గదా.

‘టోటల్ వార్’ ఆటలు ఇంకొక యడుగు ముందుకు వేసినవి. అందు సైనికులు అలసిపోవుదురు. ప్రక్కనుండి గాని వెనుకనుండి గాని శత్రువు తాకినచో వారి ధైర్యము సడలును. ధైర్యము పూర్తిగా సడలినపుడు ప్రాణములతోనున్న వారే జెండా పడవైచి పరుగెత్తుదురు. ఇది నిజమైన యుద్ధమునకు మిక్కిలి దగ్గర.

అయినను, ఆటకును కదనమునకును నడుమ నాలుగు గొప్ప అగడ్తలు కలవు. అవి కూడు, భయము, వార్త, ఊరు.

కూడు

ఆటలో సైనికుని పుట్టించునపుడు ఒక్కసారి ఆహారము ఖర్చగును. తరువాత వాడు తినడు, త్రాగడు. ఏండ్ల తరబడి కోటముందు నిలువబెట్టినను అడుగడు. ఇచ్చటనే లెక్క తప్పినది.

భారతమును చదివినవారెల్లరకు అక్షౌహిణి తెలియును. రథములు 21,870, ఏనుగులు 21,870, గుఱ్ఱములు 65,610, కాలిబంట్లు 1,09,350. అన్నియు కలిపి 2,18,700. పదునెనిమిది అక్షౌహిణులకు 39,36,600. కవి ఈ సంఖ్యను చెప్పి ఊరకుండవచ్చును, ఎందుకన, అతడు చెప్పదలచినది ధర్మమును గాని బత్తెపు లెక్కను గాదు. కాని వంటవాని స్థానమున నిలిచి చూచిన వేరొక దృశ్యము కనబడును. ఏనుగునకు దినమునకు సుమారు 150 కిలోల మేత కావలెను. పదునెనిమిది అక్షౌహిణుల ఏనుగులు 3,93,660. వాని ఒక్కనాటి మేత 5,90,490 క్వింటాళ్ళు. బండికి ఎనిమిది క్వింటాళ్ళ వంతున వేసిన దినమునకు సుమారు 74 వేల బండ్లు. ఇది ఏనుగులకు మాత్రమే. గుఱ్ఱములకు, ఎడ్లకు, మనుష్యులకు వేరు.

పురాణమును విడిచి చరిత్రకు వత్తము. పదివేల గుఱ్ఱముల సేన ఒక కోటను ముట్టడించినదనుకొందము. గుఱ్ఱమునకు దినమునకు పది కిలోల మేతయు దాణాయు వేసిన, మొత్తము వేయి క్వింటాళ్ళు. అనగా 125 బండ్లు. రెండు నెలలు ముట్టడి సాగిన 7,500 బండ్లు. గుఱ్ఱమునకు ముప్పది లీటర్ల నీరు వంతున దినమునకు మూడు లక్షల లీటర్లు. బండి లాగు ఎడ్లును తినును. బండి తోలువాడును తినును. దూరము పెరిగినకొలది బండిలోని సరకు బండినే తినివేయును. అందుచేతనే సేనలు తమ బత్తెమును వెంట తెచ్చుకొనుటకంటె దారిలోని ఊళ్ళనుండి లాగుకొనుటయే ఎక్కువ. దక్కనులో మొగలాయీల కాలమున బంజారాలు వేలకొలది ఎడ్లమీద ధాన్యము మోసి సేనలను పోషించిరి. ఆ తాండాలు నడువనినాడు గొప్ప ఫౌజుదారుడును నడువలేడు.

దసరానాడు జమ్మిచెట్టును పూజించి, ఊరి పొలిమేర దాటి వచ్చుట మన ఆచారము. పాండవులు జమ్మిమీద ఆయుధములు దాచిరన్న కథ దానికి మూలము. కాని ఆ ఆచారమున లౌకికమైన వివేకమును కలదు. వానలు వెనుకపట్టును. గోదావరి పొంగు తగ్గి రేవులు దాటుటకు వీలగును. బురద ఎండి బండ్లు కదలును. గడ్డి బలిసియుండును. పంట చేతికి వచ్చు దినములు దగ్గరపడును. దండయాత్రకు అదియే అదను. మలిక్ కాఫూరు 1309 అక్టోబరు కడపట ఢిల్లీ విడిచి, సిర్పూరు కోటను పట్టుకొని, 1310 జనవరిలో ఓరుగల్లు ముందు దిగి, మార్చిలో వెడలిపోయెను. ఎండలు ముదురక మునుపే పని ముగించుకొని పోయెనన్నమాట.

కాకతీయ ప్రతాపరుద్రునకు నవలక్ష ధనుర్ధరాధిపతి యను ప్రసిద్ధి కలదు. తొమ్మిది లక్షల విలుకాండ్రు ఒక్కచోట కూడిన, మనిషికి అరకిలో గింజల వంతున దినమునకు 4,500 క్వింటాళ్ళు కావలెను. కావున అది బిరుదుగా గొప్పదే గాని, బత్తెపు పట్టీగా నిలువదు. ఇట్లనుట ఆ మహారాజును చిన్నబుచ్చుట కాదు. బిరుదును బిరుదుగా, పట్టీని పట్టీగా చదువ నేర్చుటయే చరిత్ర చదువుట.

భయము

ఆటలో ఒక్కొక్క సైనికునకు ప్రాణముల లెక్క తలమీద ఒక చిన్న గీతగా కనబడును. ఆ గీత సగమైనను, పావైనను వాడు మొదటి దెబ్బ ఎంత బలముగా కొట్టెనో కడపటి దెబ్బయు నంతే బలముగా కొట్టును. నిజమైన మనిషి అట్లు కొట్టలేడు. తోలుకవచమో ఇనుపకవచమో తొడిగి, ఎండలో, దుమ్ములో, బరువైన కత్తిని కొంతసేపు త్రిప్పిన ఎంతటి బలశాలికైనను చేయి పడిపోవును. అందువలన ఇరుపక్షములు కొంత తలపడి, కొంత వెనుకకు తగ్గి, ఊపిరి పీల్చుకొని, మరల తలపడుట జరుగుచుండెడిది. ముందు వరుసలోనివాడు శత్రువు మొగము చూచును. వెనుక వరుసలోనివానికి తన ముందువాని వీపు దప్ప మరేమియు కనబడదు. చావు ఎక్కువగా జరుగునది సమముగా పోరునపుడు కాదు. ఒక పక్షము వెన్ను చూపినపుడు. పారిపోవువాడు డాలు పారవైచును, తరుమువానికి భయముండదు.

సేన వెన్నుచూపుటకు ఎంతటి కారణము కావలెను? ఒక్కొక్కపుడు ఒక్క బాణము చాలును. 1556లో పానిపట్టు రెండవ యుద్ధమున హేము విజయమునకు చేరువలో నుండెను. ఏనుగుమీదనున్న అతని కంటికి బాణము తగిలెను. నాయకుడు కనబడక పోవుటతో సేన చెదరెను. 1565 జనవరిలో తళ్ళికోట యుద్ధమున రామరాయలు పట్టువడి తల తెగిన తోడనే విజయనగర మహాసేన కలతజెంది పారెను. చదరంగములో రాజు కట్టుబడిన ఆట ముగియును, ఎన్ని కాయలు మిగిలినను సరే. ఈ యొక్క విషయమున మన పూర్వుల చదరంగము నేటి తెరమీది యాటలు పెక్కింటికంటె నిజమునకు దగ్గరగా నున్నది.

ఏనుగుల సంగతియు నట్టిదే. తెరమీది యేనుగు నడచుచున్న కోట. కదనములోని యేనుగు ప్రాణముగల జంతువు. గాయపడినను, నిప్పు చూచినను, మావటీడు పడినను అది స్వపరభేదము మరచును. క్రీస్తుకు పూర్వము 326లో పురుషోత్తముని ఏనుగులు అలెగ్జాండరు సైనికులు చేసిన గాయములకు వెరచి తమ సేననే త్రొక్కినవని గ్రీకులు వ్రాసిరి.

మన కవులు భయమును ఎరుగనివారు కారు. ఖడ్గ తిక్కన కథ చాటువులలో ప్రసిద్ధము. కాటమరాజుతో పోరి బలము చాలక ఇల్లు చేరినపుడు, భార్య అతనికి మంచము చాటున స్నానమునకు పెట్టి, పసుపు ముద్దయు నుంచెనని చెప్పుదురు. తల్లియు ఎత్తిపొడిచెననియు, అంతట అతడు మరల పోయి పోరి మడిసెననియు ప్రతీతి. ఆ కథను జనులు వందల యేండ్లు మరువక చెప్పుకొనుటకు కారణమేమి? పారిపోవుట సామాన్యమై, నిలుచుట అరుదైనందువలననే. అందరును నిలిచెడివారైన, నిలిచినవానికి కథ ఏల?

ఆ యుద్ధమునకు మూలము గూడ గమనింపదగినది. అనావృష్టిచే కాటమరాజు తన పశువులను నెల్లూరి మనుమసిద్ధి సీమలోని పచ్చికకు తోలెను. పుల్లరి విషయమున తగవు పుట్టెను. గడ్డిమీది పన్నుకొఱకు ఎఱ్ఱగడ్డపాటికడ వీరులు కూలిరి. యుద్ధమన రాజుల పౌరుషమేయని తలంచువారు, ఆ పౌరుషము క్రింద మేతబీడు ఒకటి యుండుటను చూడరు.

వార్త

ఆటగాడు ఆకాశమున నున్న గ్రద్దవలె రణరంగమును చూచును. వ్రేలు కదపిన ఎడమప్రక్క గుఱ్ఱములు ఎడమకు, కుడిప్రక్క బంట్లు కుడికి కదలుదురు. తమవారు చూడని నేలను చీకటిగా చూపు జాగ్రత్త ఆటలు చేసినవారికి కలదు, అది మెచ్చదగినదే. కాని తన సేనలో ఏమి జరుగుచున్నదో తనకే తెలియకుండుట నిజమైన సేనాపతికి నిత్యానుభవము. అతడు భేరిని, కాహళిని, శంఖమును, ధ్వజమును నమ్ముకొనవలెను. దుమ్ము లేచిన ధ్వజము కనబడదు. కేకలు ముదిరిన భేరి వినబడదు.

దీనికి ఓరుగల్లు కంటె గొప్ప ఉదాహరణము లేదు. 1310 ముట్టడిని అమీర్ ఖుస్రో వర్ణించెను. కోటచుట్టు డేరాల కొలత 12,546 గజములనియు, ఒక్కొక్క తుమానుకు, అనగా పదివేల మంది దళమునకు, 1,200 గజముల చోటు పంచిరనియు వ్రాసెను. మట్టికోట గోడ గట్టిదనము ఎట్టిదన, యంత్రములు విసరిన రాళ్ళు దానికి తగిలి వెనుకకు ఎగిరినవట. ఓరుగల్లును రక్షించినది ఆ మట్టిగోడయు, అగడ్తయు, లోపలనున్న నలుబదియైదు బురుజుల రాతిగోడయు. ముట్టడి సాగుచుండగా ఢిల్లీకి టపా తెగిపోయెను. నలుబది దినములకు మించి సేన ఏమైనదో తెలియక అల్లాఉద్దీను సుల్తాను తల్లడిల్లెనని బరనీ వ్రాసెను. అంతటి చక్రవర్తికి నలుబది దినములు తన సేన ఉన్నదో లేదో తెలియదు!

తరువాతి ముట్టడి ఇంకను విచిత్రము. ఘియాసుద్దీను తుగ్లకు కుమారుడు ఉలుగ్‌ఖాను మొదటిసారి ఓరుగల్లును చుట్టుముట్టి లొంగదీయునంతలో, ఢిల్లీనుండి టపా ఆగిపోయెను. సుల్తాను చనిపోయెనని ఉబైదు అను కవి మొదలగువారు వదంతి పుట్టించిరి. సేనానులు భయపడి ఎవరిదారిని వారు పోయిరి. గెలువబోవు సేన ఒక్క పుకారుతో విరిగిపోయెను. కత్తికి తెగని ముట్టడి నాలుకకు తెగినది.

ఓరుగల్లున విజయోత్సవములు జరిగినవి. ఆపద గడచెనని తలంచి, ధాన్యపు కొట్లు తెరచిరనియు, దాచిన గింజలు తరిగిపోయెననియు చరిత్రకారులు చెప్పుదురు. ఉలుగ్‌ఖాను దేవగిరికి తగ్గి, కొత్త సేనలు తెప్పించుకొని, కొలది నెలలలోనే మరల వచ్చెను. 1323లో ఓరుగల్లు లొంగిపోయెను. ఢిల్లీకి కొనిపోవు దారిలో నర్మదా తీరమున ప్రతాపరుద్రుడు తనువు చాలించెను. మొదటిసారి ఓరుగల్లును కాపాడినది ఒక పుకారు. రెండవసారి దానికి కొరతవడినవి గింజలు. ఈ రెండింటిలో ఏదియు తెరమీది యాటలో లేదు. అందు పుకారు పుట్టదు, గాదె వట్టిపోదు.

ఊరు

ఇక కడపటి అగడ్త అన్నింటికంటె లోతైనది. ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’లో గ్రామీణుడని ఒక బొమ్మ కలదు. వాడు పొలము దున్నును, కోట కట్టును, శత్రువు వచ్చిన గంట విని లోపలికి పరుగెత్తును. వాని వెల 50 పాళ్ళ ఆహారము. కోట వెల 650 పాళ్ళ రాయి. గ్రామీణుడు చచ్చిన ఆటగాడు చింతింపడు. 50 పాళ్ళు ఖర్చుపెట్టి మరియొకని పుట్టించును. వానికి పేరులేదు, ఇల్లు లేదు, ఆలుబిడ్డలు లేరు. పొలము తగులబడిన మరల విత్తుటకు ఋతువు రానక్కరలేదు.

అసలు లోకమున సేన పోయిన దారి ఒక యేడు పచ్చబడదు. పండిన చేను గుఱ్ఱములకు మేత యగును. విత్తుకై దాచిన గింజలు బత్తెమగును. ఎడ్లు బండ్లకు పోవును. పోయిన యెడ్లు తిరిగి రావు. చెరువు కట్ట తెగిన పూడ్చు దిక్కుండదు. కూలినవాని చేను బీడగును. ఓరుగల్లు పడిన తరువాత తెలుగునేల అనుభవించిన దుర్దశను ప్రోలయనాయకుని విలస తామ్రశాసనము వర్ణించినది. ఆయన కీర్తికి కారణము గెలిచిన యుద్ధములొక్కటియే కాదు. చెదరిన జనులను మరల ఊళ్ళకు చేర్చి, నాగలి సాగునట్లు చేయుట.

ఊరు యుద్ధమునకు బలియే కాదు, దానికి చేయూతయు నైనది. కోరుట్ల, మెట్‌పల్లి దాటి పడమరగా పోయిన కమ్మరపల్లి ప్రాంతమున కోనసముద్రమను ఊరు కలదు. అచ్చటి ఉక్కు ముద్దలను కొనుటకు పారసీక వర్తకులు వచ్చెడివారు. ఆ కొలుముల పద్ధతిని పందొమ్మిదవ శతాబ్దపు మొదట వాయిసీ అను ఆంగ్లేయుడు కన్నులార చూచి వ్రాసెను. ‘డమాస్కసు కత్తి’యని లోకము పొగడిన కత్తులకు మూలమైన ఉక్కు మన ఎఱ్ఱమట్టిలోనిది, మన కమ్మరుల చెమటలోనిది. ఆటలో ‘కమ్మరి కొట్టము’ను ఒక మీట నొక్కి కట్టుదురు. మన సీమలో దానిని తరతరముల విద్య కట్టినది. ఇనుము కరగించిన చిట్టెపు దిబ్బలు ఇప్పటికిని జగిత్యాల, నిజామాబాదు, ఆదిలాబాదు ప్రాంతముల పొలములలో కనబడును. వానిని రాళ్ళదిబ్బలనుకొని చదును చేయువారు తాము ఏమి చెరుపుచున్నారో ఎరుగరు.

ఊరి పొలిమేరలోని వీరగల్లులును అట్టివే. వానిమీద నున్న వీరుడు చక్రవర్తి కాడు. ఎక్కువచోట్ల అతడు ఊరి పశువులను దొంగలు తోలుకొని పోవునపుడు అడ్డునిలిచి చచ్చిన సామాన్యుడు. చేత కత్తియో ఈటెయో, పైన స్వర్గమునకు కొనిపోవు అప్సరసలు. కొన్నిటిపై పేరైనను లేదు. మధ్యయుగపు పోరాటములలో పెక్కింటి నిజస్వరూపమిదియే. అక్షౌహిణులు కావు, పదిమంది, ఇరువదిమంది, ఒక పశువుల మంద, ఒక తెల్లవారుజాము. ఆ రాళ్ళను కొందరు బట్టలుతుకు బండలుగా, కొందరు మెట్లుగా వాడుచున్నారు. తెరమీది వీరుని కొఱకు రాత్రులు మేల్కొను బాలునకు, తన ఊరి పొలిమేరలో తన ఊరికై చచ్చినవాడొకడు బోర్లపడియున్న సంగతి ఎవరైనను చెప్పవలదా?

లెక్క నిలుచును

రుద్రమదేవి యంతటి వీరనారి మరణమును మనకు ఎరిగించినదేది? మహాకావ్యము కాదు. నల్లగొండ జిల్లాలోని చందుపట్ల శాసనము. ఆ మహారాణియు, సేనాని మల్లికార్జున నాయకుడును శివసాయుజ్యము పొందిరనియు, వారి పుణ్యమునకై పువ్వుల ముమ్మడి యను సేవకుడు భూమిని దానమిచ్చెననియు అందు కలదు. కాలము 1289 నవంబరు. అంబదేవునిపై నడచిన యుద్ధములో వారిరువురు మరణించిరని చరిత్రకారులు దానినిబట్టి ఊహించిరి. భేరులు మోగి ఆగిపోయినవి. పొగడ్తలు గాలికి పోయినవి. ఒక బంటు వ్రాయించిన భూదానపు లెక్క ఏడువందల యేండ్లు నిలిచి, రాణి కథకు కడపటి పుట యైనది.

కావున పిల్లలచేతిలోని ఆటను లాగి పారవేయనక్కరలేదు. పొలవాస పేరు వినని బాలుడు కోటయన నేమో, అగడ్తయన నేమో, ఈటె గుఱ్ఱమును ఎట్లాపునో ఆటవలన తెలిసికొనుట మేలే. కాని ఆట ఆగినచోట పుస్తకము మొదలు కావలెను. తిక్కన యుద్ధపర్వములు చదివిన భయమును పౌరుషమును పెనగులాడు మనుష్యుల హృదయము తెలియును. సురవరము ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ చదివిన రాజుల కథల వెనుక జనుల తిండి, బట్ట, ఆట, పాట తెలియును. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకు ఇచ్చిన మొదటి బహుమానము ఆ గ్రంథమునకే దక్కినది. పుస్తకము చదివిన పిమ్మట బాలుడు పొలాసకు పోవలెను, జగిత్యాల కోట అగడ్త యంచున నిలువవలెను, తన ఊరి వీరగల్లును లేవనెత్తి నిలుపవలెను.

పల్లెటూరి గ్రంథాలయము చేయదగిన పని ఇదియే. పట్టణములలోని గొప్ప పుస్తకశాలలకు తాళపత్రములు, శాసన సంపుటములు ఉండవచ్చును. ఊరి గ్రంథాలయమునకు ఊరే గ్రంథము. ఏ పొలములో చిట్టెము దొరకినది, ఏ గుడి మెట్టుమీద అక్షరములు కలవు, ఏ చెరువును ఎవరు కట్టించిరి, ఏ రాతిని ఏ పేరుతో ముసలివారు పిలుతురు - ఇవి ఒక పుస్తకమున వ్రాసి యుంచుటకు ధనము అక్కరలేదు. ఒక కలము, ఒక కాగితపు దొంతర, చూచినదానిని చూచినట్లు వ్రాయు మనస్సు చాలును. ఇరువదియైదేండ్లు దీపము వెలిగించినవారికి ఇది మించిన పని కాదు.

చదరంగపు బల్ల మూసిన తరువాత రాజును బంటును ఒక్క పెట్టెలోనే పడుదురు. కదనరంగమున పడినవారిని మాత్రము వారివారి ఊళ్ళు వేరువేరుగా పేరుపెట్టి ఏడ్చినవి. ఆ పేర్లలో మిగిలినవాటినైన రాబోవు తరమునకు అందింపగల ప్రతి గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక.